ఏడో నంబరు బిళ్ళ

పిన్నిగారి ఆఫీసుకు వచ్చేవాళ్ళు రెండు రకాలు. మెట్లెక్కుతూనే కథ మొదలుపెట్టేవాళ్ళు ఒక రకం. వాళ్ళకి మంచినీళ్ళిచ్చి ఆపాలి. కుర్చీలో కూర్చుని గోడవైపు చూస్తూ ఉండిపోయేవాళ్ళు రెండో రకం. వాళ్ళకి టీ ఇచ్చి కదపాలి. ఆ మంగళవారం పొద్దున వచ్చిన నర్సు ఏ రకమో టైపిస్టుకి అంతుపట్టలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయి, లోపలికి రమ్మన్నా రాకుండా, "మా నాన్నని నేను చంపానా లేదా, అది తేల్చి చెప్పగలరా?" అని అడిగింది.

టైపిస్టు ఇరవై రెండేళ్ళు కోర్టులో వాంగ్మూలాలు టైపు చేసి వచ్చిన మనిషి. "నేను చంపలేదు" అన్న మాట ఆయన వేళ్ళకి చూడకుండా వచ్చేస్తుంది. నేనే చంపానా అని అడిగే మనిషి మాత్రం ఇంతవరకూ తగల్లేదు. పాపం, మంచినీళ్ళివ్వాలో టీ ఇవ్వాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"కూర్చో అమ్మా," అన్నారు పిన్నిగారు. "చంపినవాళ్ళెవరూ అలా అడగరు. అయినా చూద్దాం."

వీధివీధంతా ఆవిడని పిన్నిగారనే పిలుస్తుంది. ఒకప్పుడు ఆవిడ ముప్ఫై ఏళ్ళు రైల్వేలో ప్రమాదాల విచారణ చేశారు. బండి పట్టాలు తప్పిందంటే అందరూ పడిపోయిన పెట్టెల దగ్గరికి పరిగెత్తుతారు కదా, ఈవిడ ఒక్కరూ వెనక్కి నడిచి, ఎక్కడ ఏ మర వదులైందో వెతికేవారట. పదవీ విరమణ చేశాక ఊరికే కూర్చోలేక ఈ విచారణల ఆఫీసు తెరిచారు. టైపిస్టుకి ఆవిడంటే భక్తి. ఆ మాట పైకి అంటే ఆవిడకి చిరాకు కాబట్టి అనడు.

నర్సు చెప్పిన సంగతి ఇది. ఊరి నడిబొడ్డున నూటముప్ఫై ఏళ్ళనాటి పాత సర్కారు భవనాల వరస ఉంది కదా, దాన్ని ఇప్పుడు ఒక పెద్ద కంపెనీకి అప్పగిస్తున్నారు. ముందు గోడ, స్తంభాలు, పెద్ద మెట్లు అలాగే ఉంచి, లోపల అంతా పడగొట్టి హోటలూ దుకాణాలూ కడతారు. ఆఫీసులన్నీ ఊరి చివరికి తరలిపోయాయి. మిగిలింది రికార్డుల విభాగం ఒక్కటే. ఆమె తండ్రి అక్కడ రికార్డు కీపరు. పుట్టినవాళ్ళ చిట్టాలు, పొలాల పటాలు, వీలునామాలు, ఒక ఊరు తన గురించి తాను రాసుకున్నదంతా ఇనప తలుపున్న స్ట్రాంగ్ రూములో ఆయన చేతికింద ఉండేది. తరలించేముందు పురుగు పట్టకుండా ఆ గదికి విషపు మందు పొగ పెట్టారు. మర్నాడు పొద్దున తలుపు తీస్తే, ఆయన లోపల చచ్చిపడి ఉన్నాడు. ఇది జరిగి ఇరవై రోజులైంది.

"పోలీసులు ఆత్మహత్య అని రాసేశారు," అంది నర్సు. "ఆ భవనం పోతోందన్న దిగులుతో అని. ఇంట్లో గొడవ కూడా ఒక కారణమని."

గొడవ జరిగిన మాట నిజమే. ఆమెకి వేరే ఊరి ఆసుపత్రికి బదిలీ అయింది, క్వార్టరు కూడా ఇచ్చారు. ఇంట్లో ఉన్నది తండ్రీ కూతుళ్ళిద్దరే. ఇదిగో అదిగో అంటూ ఆయన మూడుసార్లు ప్రయాణం వాయిదా వేయించాడు. ఆఖరి కట్ట బండెక్కేదాకా కదలనన్నాడు. ఆ గురువారం పొద్దున ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చెప్పులేసుకుంటున్న మనిషితో ఒక మాట అనేసింది. ఏం మాటని పిన్నిగారు అడగలేదు, ఆమే చెప్పింది.

"ఆ కాగితాలే నీకు పిల్లలైతే అక్కడే ఉండిపో, ఇంటికి రాకు అన్నాను. ఆయన రాలేదు."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ రాత్రి తండ్రి ఇంటికి రాకపోతే, అలిగి చిన్నాన్న ఇంటికి వెళ్ళి ఉంటాడనుకుని, ఆమె కూడా పంతానికి పోయి ఫోను చెయ్యలేదట. అదంతా చెప్పేటప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. టైపిస్టుకి అదే ఎక్కువ భయం వేసింది.

ఆమె చేతిగుడ్డ మూట విప్పి, పోలీసులు తిరిగిచ్చిన వస్తువులు బల్లమీద పెట్టింది. కళ్ళజోడు, పెన్సిలు ముక్క, చేతి టార్చి, రెండు వేళ్ళ వెడల్పు ఇత్తడి బిళ్ళ. పోస్టుమార్టం రిపోర్టూ పెట్టింది. బిళ్ళమీద ఏడో నంబరు చెక్కి ఉంది. తళతళా మెరుస్తోంది. అంకె గీతల్లో మాత్రం సున్నంలాంటి తెల్లపొడి ఎండి అంటుకుని ఉంది.

అన్నిటికీ మూలం ఆ బిళ్ళేనని ఆమె చెప్పింది. స్ట్రాంగ్ రూములోకి వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళని తలుపు పక్కన మేకుకి తగిలించి వెళ్ళాలి. బిళ్ళ వేలాడుతుంటే లోపల మనిషి ఉన్నట్టు. మేకు ఖాళీగా ఉంటే ఎవరూ లేనట్టు. తండ్రి బిళ్ళ ఆయన చొక్కా జేబులో దొరికింది. కాబట్టి ఎవరికీ తెలియకుండా కావాలనే వెళ్ళాడని పోలీసులు తేల్చారు.

పిన్నిగారు బిళ్ళని వేళ్ళమధ్య తిప్పి చూశారు. ఒంటి పట్టాల దారిలో చేతికి బిళ్ళ రానిదే డ్రైవరు బండి కదపడు. అలాంటి బిళ్ళల మీద ఆవిడకి ఇరవై నాలుగు ప్రాణాలంత గౌరవం. బిళ్ళ లేకుండా కదిలిన బండిలో ఆ ఇరవై నాలుగూ పోవడం ఒకసారి చూశారు.

"నాన్నగారు దీన్ని రోజూ ఎక్కడ పెట్టుకునేవారు?"

"ప్యాంటు కుడి జేబులో. ఆ జేబుకి నల్లమరక. ఎన్ని సబ్బులు అరగదీసినా పోయేది కాదు."

పిన్నిగారు తలూపి, బిళ్ళని టైపిస్టు చేతిలో పెట్టారు. ఆయన దాన్ని రుమాలులో చుట్టి జాగ్రత్త చేశాడు. ఏం అర్థమైందని ఆవిడ అడిగితే మాత్రం, ఏమీ కాలేదని నిజమే చెప్పాడు.

మర్నాడు పదింటికి ఇద్దరూ ఆ భవనానికి వెళ్ళారు. ముందునుంచి చూస్తే పెళ్ళికొడుకులా ఉంది, సున్నాలు వేసి స్తంభాలు కడిగి. లోపలికి వెళితే గుండె జారిపోతుంది. పై అంతస్తు గోడల్ని సమ్మెటలతో కొడుతున్నారు. తలుపులు ఊడదీసిన గదులు, గోడలమీద బీరువాలు ఉండిన చోట తెల్లటి ఆనవాళ్ళు, మెట్లమీద అంగుళం మందాన దుమ్ము. ఆ భాగానికి కరెంటు కూడా ఎప్పుడో తీసేశారు.

సూపరింటెండెంటు పెద్దమనిషి. ఎదురొచ్చి కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. రికార్డు కీపరు తన పక్క బల్ల దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చున్నాడని చెబుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వచ్చే బుధవారం భవనం అప్పగించాలి, ఒక్క రోజు ఆలస్యమైనా ఊరుకోరు, ఈ లోపల ఈ గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నాడు. పొగ పెట్టడానికి నియమాలు ఉన్నాయట. మేకు చూడాలి. ఆఫీసుకి పెద్దయినవాడు స్ట్రాంగ్ రూము గుమ్మంలో నిలబడి, లోపల ఎవరున్నారని మూడుసార్లు గట్టిగా పిలవాలి. తరవాత తలుపు మూసి, సందులమీద కాగితపు పట్టీలు అంటించి సంతకం చెయ్యాలి.

"మూడుసార్లూ నేనే పిలిచానండీ. పలకలేదు. పలకాలని లేనివాణ్ణి ఎవరు పలికించగలరు?" అన్నాడు.

పట్టీలు పాడవకుండా తడిపి తీయించి ఫైల్లో పెట్టించాడు. ఆ ఫైలు తానే తెరిచి చూపించాడు. నాలుగు పట్టీలు, నాలుగింటి మీదా నిండుగా, గుండ్రంగా ఆయన సంతకం. పిన్నిగారు బావున్నాయన్నారు. తలుపు తీసినప్పుడు ఎవరెవరు ఉన్నారని కూడా అడిగారు. తనూ, తాళాలు చూసే ఆయనా అని చెప్పాడు. ముందు తానే లోపలికి వెళ్ళి చూసి, తాళాలాయన్ని గుమ్మం దాటనివ్వకుండానే పోలీసులకి ఫోను చెయ్యమని కిందికి పంపి, తాను శవం పక్కనే కాపలా ఉన్నాడట.

తాళాలు చూసే ఆయన స్ట్రాంగ్ రూము ముందు స్టూలు మీద ఉన్నాడు. ముప్ఫై ఆరేళ్ళుగా ఆయన పని ఒక్కటే, తియ్యడం, వెయ్యడం. నర్సు చిన్నప్పటినుంచీ ఆయన్ని బాబాయ్ అంటుంది. బట్టలు మనిషికి రెండింతలున్నాయి. బట్టలు పెరగలేదు, మనిషే తగ్గిపోయాడని చూస్తే తెలుస్తోంది. బిళ్ళలు తగిలించే పాత చెక్కపలక తలుపు పక్కన ఉండేదట. దాన్ని హోటలు గోడకి పెడతామని కంపెనీ పంపిన ఆర్కిటెక్టు అమ్మాయి తన గదికి పట్టుకుపోయింది. అందుకని ఈయనే ఒక మేకు కొట్టాడు. ఇప్పుడు లోపలికి వెళ్ళేది రికార్డు కీపరు ఒక్కరే కాబట్టి ఒక మేకు చాలనుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఆయన భోజనానికి కిందికి వెళ్ళాడు. మూడింటికి పొగమందు వాళ్ళు వచ్చారు. మేకు చూశాడు. ఖాళీ. లోపల చీకటి. తలుపు వేశాడు.

"పట్టీలు వచ్చాయి, అంటించాను," అన్నాడు.

"వచ్చాయా? ఎక్కణ్ణుంచి?"

ఆయన తల దించుకున్నాడు. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందమ్మా. ఆఫీసు సంగతులు నన్నడక్కండి."

ఆవిడ మరి అడగలేదు. ఇనప తలుపు దగ్గరికి వెళ్ళి, టార్చి వేసి దాని అంచులు చూస్తూ నిలబడ్డారు. ఆకుపచ్చ రంగుమీద, సందు పొడుగునా, సిరాతో సగం సగం సంతకాలు. అన్నీ కుడి సగాలే. ఏటా పొగ పెట్టినప్పుడల్లా పట్టీ అంటించి, సగం కాగితం మీదా సగం తలుపు మీదా పడేలా సంతకం చేస్తారట. ఎవరైనా పట్టీ పీకి కొత్తది అంటిస్తే దొరికిపోవాలని. ముప్ఫై ఏళ్ళ సగం సంతకాలు ఆ తలుపుమీద చీమలబారులా ఉన్నాయి. టైపిస్టు కొన్ని చదవబోయాడు గానీ ఒక్కటీ అంతుపట్టలేదు.

ఆర్కిటెక్టు అమ్మాయి గది వరండా చివర. ఆమెకి పాతికేళ్ళు దాటి ఉండవు. గదినిండా ఊడిన తలుపు గుబ్బలు, రంగు అద్దాలు, పాత గడియారపు ముళ్ళు. ఒక్కోదానికీ చీటీ కట్టి పసిపిల్లల్లా పడుకోబెట్టుకుంది. పాతసామాన్ల వాడికి పోకుండా ఈ పలకని తానే కాపాడానని చెప్పింది. కంపెనీ వాళ్ళతో అందుకు రెండు నెలలు పోట్లాడిందట.

పలక గోడకి ఆనించి ఉంది. పన్నెండు కొక్కేలు, పదకొండు బిళ్ళలు, అద్దాల్లా మెరుస్తున్నాయి. పక్కనే హోటలు గోడ ఎలా ఉండబోతోందో చూపించే పెద్ద ఫొటో, అందులో ఇదే పలక, పన్నెండు కొక్కేలూ నిండుగా.

పాలిష్ అవగానే, ఆ గురువారం సాయంత్రం ఐదింటికే ఆ ఫొటో తీసి కంపెనీకి పంపానని ఆమె చెప్పింది. బిళ్ళలు దేనికో తెలుసా అని పిన్నిగారు అడిగారు. హాజరు బిళ్ళలని సూపరింటెండెంటుగారు చెప్పారంది. లేని బిళ్ళ సంగతి అడిగితే ఆమె గొంతు తగ్గింది.

"అది పెద్దాయనది. జ్ఞాపకంగా వాళ్ళింటికి ఇచ్చేశామని సార్ అన్నారు. ఇవ్వాల్సిందే కదండీ. వారంపాటు ఆయన్ని బతిమాలాను, మీదొక్కటే తక్కువైంది, ఇవ్వండి తాతగారూ అని. ఆఖరిరోజున నేనే ఇస్తాను ఆగమ్మా అనేవారు. అన్నట్టే ఇచ్చారు. చేతికివ్వడం మనసొప్పలేదేమో."

పిన్నిగారు ఆ అమ్మాయి ముఖంవైపు చాలాసేపు చూశారు. ఏమనుకున్నారో, తల మీద చెయ్యి వేసి బయటికి వచ్చేశారు. మెట్లు దిగేటప్పుడు ఒక్కమాటా లేదు. ఆవిడ మాట్లాడలేదంటే కేసు తేలిపోయినట్టే. మామూలుగా ఆ సమయంలో ఆవిడ ముఖంలో ఒక వెలుగుంటుంది. ఈసారి అది లేదు. ఇంటికి వెళ్ళేదారిలో, తాళాలాయన సరిగ్గా తింటున్నాడో లేదో కనుక్కోమని మాత్రం టైపిస్టుతో అన్నారు.

శుక్రవారం పొద్దున అందరినీ ఆర్కిటెక్టు గదిలోకే పిలిపించారు. కేసు రాసిన పోలీసాయన కాస్త విసుగ్గా కిటికీ దగ్గర నిలబడ్డాడు. కందకు లేని దురద కత్తికెందుకని ఆయన ముఖంలోనే కనిపిస్తోంది. సూపరింటెండెంటు కుర్చీలో, తాళాలాయన గుమ్మం దగ్గర నేలమీద. పైన కూర్చోమంటే ఆయన వినలేదు. నర్సు తండ్రి కళ్ళజోడుని పిడికిట్లో పెట్టుకుని నిలబడింది. పిన్నిగారి మాటమీద పైన సమ్మెటలు ఆపించారు. ఆ నిశ్శబ్దం ఎవరికీ అలవాటు లేక అందరూ ఒకసారి పైకప్పువైపు చూశారు.

"ముందుగా ఒక సంగతి చెప్పేస్తాను," అన్నారు పిన్నిగారు. "రికార్డు కీపరుగారు ప్రాణం తీసుకోలేదు. ఆయన్ని చంపాలని కూడా ఎవరూ అనుకోలేదు. కానీ ఆయన చావుకి ఇద్దరు కారణం. మూడో తప్పు ఆయన పోయాక జరిగింది. ఆ తప్పు చేసిన మనిషి మాత్రం తెలిసే చేశాడు."

టైపిస్టు చేతి రుమాలు విప్పి బిళ్ళని బల్లమీద పెట్టాడు.

ఈ బిళ్ళ ప్యాంటు జేబులో నల్లబడుతూ బతికిన బిళ్ళ అని ఆవిడ చెప్పుకొచ్చారు. దొరికింది మాత్రం చొక్కా జేబులో, కొత్త పెళ్ళికూతురి నగలా మెరుస్తూ. అంకె గీతల్లో పాలిష్ పొడి ఇంకా ఎండి ఉంది. పలకమీది పదకొండు బిళ్ళల్లోనూ అదే పొడి. చనిపోవడానికి వెళ్ళే మనిషి బిళ్ళకి పాలిష్ పెట్టుకుని వెళతాడా? ఇక ఆ ఫొటో ఉంది. గురువారం సాయంత్రం ఐదింటికి తీసింది. అందులో పన్నెండు బిళ్ళలున్నాయి. ఏడో నంబరు కొక్కేనికి ఏడో నంబరే ఉంది.

"మూడింటికి ఆయన్ని లోపల పెట్టి తలుపు వేశారు. ఐదింటికి ఆయన బిళ్ళ ఈ గదిలో ఉంది. మర్నాడు ఎనిమిదింటికి ఆయన జేబులో దొరికింది. తాళం వేసిన గదిలోంచి ఆయన వచ్చి పట్టుకెళ్ళాడా?"

పోలీసాయన కిటికీ వదిలి బల్ల దగ్గరికి వచ్చాడు.

ఆర్కిటెక్టు అమ్మాయి ముఖం పాలిపోయింది. పిన్నిగారు ఆమె పక్కకి వెళ్ళి కూర్చుని, గొంతు బాగా తగ్గించి అడిగారు, ఆ బిళ్ళ నీకు ఎక్కడ దొరికిందమ్మా అని.

"తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది," అందామె. "ఒంటిగంటా నలభై ఐదుకి. ఎవరూ లేరు. నాకోసమే తగిలించి వెళ్ళారనుకున్నాను. థాంక్స్ చెబుదామని వెతికాను కూడా, కనిపించలేదు…" అంటూ ఒక్కొక్కరి ముఖం చూసింది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆమెకి ఆ బిళ్ళ అందమైన పాతవస్తువు. దాని పనేమిటో ఎవరూ చెప్పలేదు సరికదా, తప్పు చెప్పారు. ఎంతో ప్రేమగా తీసుకుపోయి, ఎంతో శ్రద్ధగా తోమింది. తాళాలాయన వచ్చి మేకు చూశాడు, ఖాళీ. ముప్ఫై ఆరేళ్ళూ ఆయన నమ్మింది మేకునే, ఆరోజూ నమ్మాడు. కరెంటు లేదు కాబట్టి వెలుగు లేదు. రికార్డు కీపరు వెనక అరల మధ్య టార్చి వేసుకుని ఆఖరి కట్టల చీటీలు సరిచూసుకుంటున్నాడు. పైన సమ్మెటల హోరులో తలుపు మూసిన చప్పుడు ఆయనకి వినపడలేదు.

"అయినా ఆయన బతకాల్సిందే," అన్నారు పిన్నిగారు. "మేకు మోసపోయినా మనిషి పోకూడదనే రెండో నియమం పెట్టారు. గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలవాలి."

సూపరింటెండెంటు పిలిచానని మళ్ళీ అన్నాడు. ఈసారి ఎవరివైపూ చూడకుండా అన్నాడు. ఆవిడ ఫైల్లోంచి ఒక పట్టీ తీసి ఆయన ముందు పెట్టారు. తలుపు దగ్గర సంతకం చేస్తే సగం తలుపు మీద పడాలి. ఆ తలుపుమీద ముప్ఫై ఏళ్ళ సగాలున్నాయి, ఈ ఏటిది లేదు. ఎందుకంటే ఈ ఏటి సంతకం మొత్తం కాగితం మీదే ఉంది, ఆఖరి సున్నాతో సహా.

"ఈ సంతకం బల్ల దగ్గర పెట్టారు. పట్టీలు మనిషిచేత పంపారు. అవి చూసి తాళాలాయన, తను భోజనానికి వెళ్ళినప్పుడు మీరు వచ్చి పిలిచి వెళ్ళారనుకున్నాడు. మీరేమో, ఆయన మేకు చూసే ఉంటాడనుకున్నారు. ఒకరి గుర్తుని చూసి ఒకరు ధైర్యంగా ఉన్నారు. ఇన్నేళ్ళూ మీరిద్దరూ ఒకరినొకరు నమ్ముకునే పని నడిపారు, ఎప్పుడూ ఏమీ కాలేదు."

ఆరోజు కంపెనీవాళ్ళు తన గదిలో ఉన్నారని ఆయన చెప్పాడు. టీ తాగుతున్నారు, మధ్యలో లేవడం బాగోదనుకున్నాడు. పొద్దున తలుపు తీసి శవాన్ని చూశాక మేకు వంక చూశాడు. అది ఖాళీగా ఉండటం ఆయనకి అర్థం కాలేదు. తాళాలాయన ఫోనుకి వెళ్ళినప్పుడు ఈ గది తాళం తీసి చూశాడు. పలకమీద ఏడో నంబరు కనిపించింది. అప్పుడు అంతా అర్థమైంది. అప్పగింత ఆగిపోతుంది, విచారణ వస్తుంది, పిలవలేదని తేలుతుంది. బిళ్ళని తీసుకెళ్ళి స్నేహితుడి చొక్కా జేబులో వేశాడు.

"ఎలాగూ పోయాడు కదా అనుకున్నాను," అన్నాడాయన. "నా గొంతు వింటే ఎక్కడున్నా పలికేవాడు. ఒక్కసారి పిలిచినా చాలు, మూడుసార్లు అక్కర్లేదు." ఆయన నిజంగానే ఏడుస్తున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే ఏడుపు. టైపిస్టుకి జాలి వెయ్యలేదు.

అప్పుడు నర్సు మొదటిసారి నోరు విప్పింది.

"అంత్యక్రియలప్పుడు మీరు నా భుజం మీద చెయ్యి వేసి, నీ తప్పేం లేదమ్మా అన్నారు. నా తప్పని అప్పటికి ఎవరూ అనలేదు. గొడవ సంగతి నాన్న ఆరోజు పొద్దున మీకు చెప్పుకున్నారు. మీరు పోలీసులకి చెప్పారు. నేను అన్న మాట మీకు బాగా పనికొచ్చింది కదండీ?"

పోలీసాయన సూపరింటెండెంటుని లేవదీసి, మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. ఆర్కిటెక్టు అమ్మాయి నేలమీద కూలబడిపోయింది. పిన్నిగారు ఆమెని ఒళ్ళోకి లాక్కున్నారు. కేసు అక్కడికి తేలిపోయింది. టైపిస్టు కాగితాలు సర్దుకోబోతుంటే, గుమ్మం దగ్గరనుంచి తాళాలాయన గొంతు వినబడింది.

"ఇంకొకటుందమ్మా. నన్నెవరూ అడగలేదు."

ఆయన నర్సువైపే చూస్తున్నాడు. "మూడుంపావు వేళ తలుపు దగ్గర చప్పుడు విన్నాను. దబ దబమని. పైన గోడ కొడుతున్నారు కదా, అదే అనుకున్నాను. కాసేపటికి ఆగిపోయింది. కూలీలు టీకి వెళ్ళారనుకున్నాను. ఆరోజు వాళ్ళు టీకి ఎన్నింటికి వెళ్ళారో ఇంతవరకూ అడగలేదు తల్లీ. అడగడానికి భయం. అన్నం ముద్ద నోటిదగ్గరికి వస్తే చాలు, ఆ చప్పుడే."

పోస్టుమార్టం రిపోర్టు టైపిస్టు చదివాడు. రెండు చేతుల వేళ్ళ కణుపులూ తోలు లేచిపోయాయని, గోళ్ళలో ఆకుపచ్చ రంగు పెచ్చులున్నాయని అందులో ఉంది. ఆఖరి నిమిషంలో భయపడి ఉంటాడని పోలీసులు సరిపెట్టుకున్నారు. నర్సు కూడా చదివింది. ఎన్నిసార్లు చదివిందో, కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది.

ఆమె వెళ్ళి తాళాలాయన ఎదురుగా నేలమీద కూర్చుంది. ఆయన చేతులు రెండూ పట్టుకుంది.

"బాబాయ్, నేను నర్సుని. నా మాట వినండి. ఆ మందు రెండు ఊపిరులు పీలిస్తే చాలు, మనిషి నిద్రలోకి జారిపోతాడు. లేవడు, నడవడు. నాన్న వెనక అరల దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయారు. తలుపు దాకా రాలేదు. రిపోర్టులో అలాగే రాశారు."

"మరి ఆ చప్పుడు?"

"కూలీలదే బాబాయ్. మీరు సరిగ్గానే విన్నారు."

ఆయన నమ్మాలని ఉన్నా నమ్మలేక, పిన్నిగారివైపు తిరిగాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క అబద్ధం కింద సంతకం పెట్టని మనిషి ఆవిడ. టైపిస్టు తల వంచుకుని కాగితాలు చూస్తూ ఉండిపోయాడు.

"ఆమె చెప్పింది నిజం," అన్నారు పిన్నిగారు. "ఇంటికెళ్ళి భోంచెయ్యండి."

ఆయన నర్సు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. తరవాత తాళాలగుత్తి ఆమెకే ఇచ్చి, గోడ పట్టుకుని మెల్లిగా లేచి వెళ్ళాడు.

పెద్ద మెట్లు సగం దిగాక నర్సు ఆగిపోయింది. పైన మళ్ళీ సమ్మెటలు మొదలయ్యాయి. ఆ చప్పుడు వింటూ, "పలికేవాళ్ళు లేక ఎంతసేపు కొట్టారో మా నాన్న," అంది. అక్కడే మెట్టుమీద కూర్చుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇరవై రోజులూ తన మాటనే మోస్తూ తిరిగిన మనిషి, ఇప్పటికి తండ్రి కోసం ఏడ్చింది. పిన్నిగారు ఆమె పక్కన దుమ్ములోనే కూర్చున్నారు.